నివురు కింద చెయ్యి

"మరి నీళ్ళో?" అన్నారు నాన్న.

2021 ఫిబ్రవరి. కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో మా ఇంటి వంటగది. అడవి మంటలు ఆపే హాట్‌షాట్ క్రూలో ఉద్యోగం వచ్చిందని చెప్పి, అదేం పనో విడమర్చి చెబుతున్నాను. ఇరవైమందిమి, రెండు బండ్లు, రోడ్డు ఆగిపోయిన చోట దిగి కొండెక్కుతాం, మంట రాబోయే దారిలో నేల చెక్కుతాం అని. నాన్న అంతా విని ఆ ఒక్కటే అడిగారు. మార్కాపురం దగ్గర పల్లెలో గడ్డివాము అంటుకుంటే ఊరంతా బిందెలతో పరిగెత్తడం చూసిన మనిషాయన.

"చాలాసార్లు ఉండవు నాన్నా. మంటకి తిండి లేకుండా చేస్తాం, అంతే."

"కంప్యూటర్లు చదివి పార పని" అంది అమ్మ. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, పప్పు తిరగమోత పెట్టుకుంటూ అలా అనేసింది.

నన్ను ఇటు తోసింది 2018 నవంబరు పొగ. ఆ నెల 8న ప్యారడైజ్ ఊరు తగలబడి 85 మంది చనిపోయారు. ఆ పొగ శాక్రమెంటో లోయలో దిగి దాదాపు రెండు వారాలు కదల్లేదు. నేనప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఆఫీసు కిటికీలోంచి మిట్టమధ్యాహ్నం సూర్యుడు కుంకుమబొట్టులా కనిపించేవాడు. ఆ రెండు వారాల్లో మా టీమ్ సాధించింది ఒక యాప్‌లో బటన్ రంగు మార్చడం. ఉద్యోగం మానేయడానికి అది కారణం అని పెద్దవాళ్ళకి చెబితే నవ్వుతారు. నిజంగా అదే కారణం.

దారి ఎలా ఉంటుందని చాలామంది కుర్రాళ్ళు అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఫెడరల్ ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి, హెచ్-1బీ మీదా గ్రీన్‌కార్డు మీదా కుదరదు. 18 ఏళ్ళు నిండాలి, శాశ్వత ఉద్యోగంలోకి తీసుకోవాలంటే 37 నిండకూడదు. ఎస్-130, ఎస్-190 అని రెండు ప్రాథమిక కోర్సులు, ఒకటి పనికి, ఇంకోటి మంట స్వభావానికి. ఆ తర్వాత ప్యాక్ టెస్టు: వీపు మీద 45 పౌండ్లు, అంటే 20 కిలోల పైన బరువు వేసుకుని 3 మైళ్ళు 45 నిమిషాల్లో నడవాలి. పరిగెత్తితే ఒప్పుకోరు. వినడానికి తేలిక. రెండో మైలు దాటాక నడక కాలి ముందు ఎముక మీద పడుతుంది, పరుగైతే హాయిగా ఉండును కదా అనిపిస్తుంది. నాకు 43 నిమిషాలు పట్టింది. అది నెగ్గితే రెడ్ కార్డు, అంటే మంట మీద పనికి అర్హత కార్డు ఇస్తారు. ఆ కార్డుతో 2020లో చేతి పనిముట్లతో పనిచేసే ఒక మామూలు క్రూలో ఒక సీజన్ చేశాను.

హాట్‌షాట్ క్రూలోకి వెళ్ళడం మాత్రం వేరే సంగతి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెడతారు గానీ, దానికి ముందు క్రూ సూపరింటెండెంట్లకి ఫోన్ చేయాలి, స్టేషన్‌కి వెళ్ళి కలవాలి, వాళ్ళతో కలిసి ఒక పూట కొండెక్కితే ఇంకా మంచిది. పెళ్ళిచూపులంటే నాకు భయం లేకపోవడానికి ఆ ఏడాది అక్టోబరే కారణం అని మా అక్క ఎగతాళి చేస్తుంది. ఏడు స్టేషన్లు తిరిగాను. ఒకాయన ఎంత దూరం పరిగెత్తగలవని అడగలేదు, రంపం పట్టగలవా అనీ అడగలేదు. "అందరూ అలిసిపోయినప్పుడు నువ్వు ఎలా ఉంటావు?" అన్నాడు. ఆలోచించి, "మాటలు తగ్గిపోతాయి" అన్నాను. "సరే" అన్నాడు. ఫిబ్రవరిలో పిలుపు వచ్చింది ఆయన దగ్గర్నుంచే. మా క్రూ పేరు ఇక్కడ రాయను, అక్కడివాళ్ళకి పేర్లు బయటికి రావడం నచ్చదు.

ఈ క్రూలు 1940ల చివర్లో దక్షిణ కాలిఫోర్నియా అడవుల్లో మొదలయ్యాయి. మంట బాగా వేడిగా ఉన్న చోటికి పంపేవాళ్ళు కనుక ఆ పేరు. ఇప్పుడు దేశమంతా కలిపి వందకు పైగా ఉన్నాయి. ఇరవైమంది ఒక్క ముక్కగా పనిచేయడమే వీళ్ళ ప్రత్యేకత, మిగతావన్నీ దాని తర్వాతే. ఒక సూపరింటెండెంట్, ఆయన్ని అందరూ "సూప్" అంటారు. ఆయన కింద కెప్టెన్లు, స్క్వాడ్ బాసులు, రంపాలు పట్టే సాయర్లు, చివరికి మాలాంటి కొత్తవాళ్ళు.

ఏప్రిల్‌లో 80 గంటల శిక్షణ. మొదటిరోజు పొద్దున్నే పరీక్ష: ఒకటిన్నర మైలు 10 నిమిషాల 35 సెకన్లలోపు, నిమిషంలో 40 సిటప్‌లు, నిమిషంలో 25 పుషప్‌లు, శరీర బరువును బట్టి నాలుగు నుంచి ఏడు పులప్‌లు. నేను ఒకటిన్నర మైలు 10:21లో ముగించాను. గర్వపడే లోపల సూప్ చేత్తో వెనకాల కొండ చూపించాడు. ఆ కొండకి మా వాళ్ళు పెట్టుకున్న పేరు పత్రికల్లో రాయదగ్గది కాదు. పూర్తి సామానుతో దాన్నెక్కాం. సగంలో పొద్దున తిన్నదంతా కక్కేశాను. నా వెనకున్న అమ్మాయి, తనది మూడో సీజన్, నా చేతిలోని పనిముట్టు తీసుకుని, నేను మూతి తుడుచుకున్నాక తిరిగి చేతికిచ్చింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

అసలు పని లైన్ తవ్వడం. ముందు సాయర్లు రంపాలతో పొదలూ కొమ్మలూ కోసుకుంటూ పోతారు. వాళ్ళ వెనకే స్వాంపర్లు ఆ కోసినదంతా మంటకి అవతలి పక్కకి, పచ్చగా ఉన్న వైపుకి విసిరేస్తారు. వాళ్ళ వెనక పులాస్కీలు, ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క సన్న పార ఉండే పనిముట్లు. ఆ వెనక వెడల్పు పారలు. ఆకు, అలము, వేళ్ళు, కుళ్ళిన పొర అంతా పోయి అడుగున ఉత్త మట్టి కనిపించాలి. వెడల్పు ఒక్కోసారి అడుగున్నర, ఒక్కోసారి మూడడుగులు.

నేను చేసిన మొదటి తప్పు బాగా తవ్వడం. నా ముందున్న జానెడు నేలని అద్దంలా తీర్చిదిద్దేదాకా కదల్లేదు. వెనక పదిమంది ఆగిపోయారు. స్క్వాడ్ బాస్ వచ్చి, "నువ్వు తవ్వాల్సింది పదోవంతే, తక్కిన తొమ్మిది వంతులు నీ వెనక వస్తున్నాయి" అన్నాడు. నిజం. ఒకరు రెండు దెబ్బలు వేసి అడుగు ముందుకి వేస్తారు, వెనకవాడు ఇంకో రెండు. ఇరవయ్యోవాడు దాటేసరికి దారి తయారవుతుంది. వరినాట్లప్పుడు కూలీలు వరసలో కదలడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వెనకవాడు నన్ను అందుకుంటే "బంప్" అని అరుస్తాడు, నేనూ అరుస్తాను, ఆ అరుపు ముందుకి వెళ్తూ అందర్నీ జరుపుతుంది. రాయి దొర్లితే "రాక్!" అన్న కేక ఇరవై గొంతుల గుండా కొండ దిగువకి పోతుంది. ఎవరైనా మాట తిరిగి అనకపోతే అది అందలేదని లెక్క, మళ్ళీ పంపాలి.

తవ్విన దూరాన్ని గొలుసుల్లో కొలుస్తారు. ఒక గొలుసు 66 అడుగులు. గంటకి ఎన్ని గొలుసులు అన్నదే మా కొలబద్ద. ఆ మాట విన్నప్పుడు నవ్వొచ్చింది. మా తాత పొలం పాత కొలపటంలో హద్దులు లింకుల్లో ఉండేవి, వంద లింకులు ఒక గొలుసు. ఇంగ్లీషువాళ్ళు రెండు ఖండాల్లో పారేసిపోయిన గొలుసు అటు మార్కాపురంలో, ఇటు ప్లూమస్ కౌంటీలో దొరికింది నాకు.

సాయంత్రాలు ఆకురాయితో పనిముట్లకి పదును పెట్టుకుంటూ పాఠాలు వినేవాళ్ళం. పులాస్కీ అన్నది మనిషి పేరు. 1910 ఆగస్టులో ఐడహోలో వాలెస్ ఊరి దగ్గర మంట చుట్టుముట్టినప్పుడు ఎడ్ పులాస్కీ అనే రేంజర్ తన కూలీలని ఒక పాత గని సొరంగంలోకి తోలాడు. ఊపిరాడక బయటికి పరిగెత్తబోతే తుపాకీ చూపించి ఆపాడు. ఐదుగురు పోయారు, దాదాపు నలభైమంది బతికారు. ఇవి పక్కన పెడితే, మంట దగ్గర ప్రాణాలు కాపాడుకోవడానికి పది ఆజ్ఞలు, పద్దెనిమిది హెచ్చరికలు ఎక్కాల్లా అప్పజెప్పాలి. ఆ పది 1957 నుంచి ఉన్నాయి. హెచ్చరికల్లో పద్దెనిమిదోది లైన్ దగ్గర కునుకు తీయడం. పదహారు గంటల షిఫ్టు చేసిన ప్రతివాడూ దాన్ని కనీసం ఒక్కసారి ఉల్లంఘించి ఉంటాడు.

షెల్టర్ పాఠం మాత్రం నవ్వులాట కాదు. అల్యూమినియం రేకు, సిలికా గుడ్డ కలిపి కుట్టిన గుడారం, మడిచి నడుము వెనక పెట్టుకుంటాం. మంట మీదికొచ్చి దారి లేనప్పుడు దాన్ని విప్పి, ఉత్త నేల మీద బోర్లా పడుకుని, కాళ్ళు మంట వైపు పెట్టి, నేలకి ముక్కు ఆనించి ఊపిరి తీసుకోవాలి. దూరం నుంచి వచ్చే సెగని అది తిప్పికొడుతుంది. మంటే నేరుగా తాకితే పొరల్ని అతికించిన జిగురు వదలడం మొదలవుతుంది. నకిలీ షెల్టర్లతో పాతికసార్లు సాధన చేశాం. ఆ రోజు పాఠం చెప్పిన కెప్టెన్ రెండు తేదీలు బోర్డు మీద రాశాడు. 1994 జూలై 6, కొలరాడోలో స్టార్మ్ కింగ్ కొండ, 14 మంది, అందులో 9 మంది ఒకే హాట్‌షాట్ క్రూ. 2013 జూన్ 30, అరిజోనాలో యార్నెల్, గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్లు, 19 మంది. ఆ క్రూలో ఆ రోజు కాపలా చూస్తూ విడిగా ఉన్న ఒక్కడే మిగిలాడు. కెప్టెన్ ఇంకేమీ చెప్పలేదు. "మళ్ళీ మడవండి" అన్నాడు. మడిచాం. నాన్నకి ఈ పాఠం గురించి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

జూలై 13న ఫెదర్ నది లోయలో డిక్సీ ఫైర్ మొదలైంది. మేము ఆ నెలాఖరుకి చేరాం. అక్టోబరు 25కి అది పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి 9,63,309 ఎకరాలు కాలాయి. ఒక దశలో ఆరు వేల పైచిలుకు మంది దాని మీద పనిచేశారు. సియెర్రా నెవాడా కొండల శిఖరరేఖని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దాటిన మొదటి మంట అదే అన్నారు. పద్నాలుగు రోజులు పని, రెండు రోజులు విశ్రాంతి, మళ్ళీ పద్నాలుగు. నేలమీదే పడక. తిండి సైన్యం ప్యాకెట్లు, లేదా క్యాంపులో ఇచ్చే మాంసం. రోజుకి ఆరు వేల కేలరీల దాకా కరిగిపోయే పని కాబట్టి ఏం పెట్టినా తింటాం. అమ్మ ఇచ్చిన కందిపొడి సీసా మూడో రోజుకి క్రూ సొత్తు అయిపోయింది. టెక్సస్ కుర్రాడొకడు దాన్ని మకరోనీ మీద చల్లుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఎవరు కలిసినా అడిగేది మంటలెలా ఉంటాయని. ఆల్మనోర్ సరస్సు చుట్టుపక్కల కొండల్లో ఒక రాత్రి గుర్తుంది. బుల్డోజర్ తవ్విన లైన్ మీద ఎదురు నిప్పు పెడుతున్నారు. మూడు పాళ్ళు డీజిలు, ఒక పాలు పెట్రోలు కలిపి పోసిన డ్రిప్ టార్చ్, అంటే మంట చుక్కలు కార్చే డబ్బా, చేత పట్టుకుని నలుగురు వరసగా అడవిలోకి నడుస్తారు. పెద్ద మంట రాకముందే దాని తిండిని మేమే తగలబెట్టేస్తాం. మిగతావాళ్ళం లైన్ మీద కొన్ని అడుగుల దూరంలో ఒక్కొక్కరం నిలబడి కాపలా. కాపలా అంటే మంటకి వీపు తిప్పి నిలబడడం. నీ కళ్ళు ఇంకా కాలని అడవి మీదే ఉండాలి. ఎగిరిన రవ్వ ఎక్కడ పడుతుందో అది చూసే పని. వెనక వంద అడుగుల చెట్లు ఒక్కసారి భగ్గుమంటాయి, రైలు వంతెన దాటుతున్నట్టు చప్పుడు, చొక్కా వీపున కాలుతూ ఉంటుంది. తల తిప్పాలని మెడ లాగుతుంది. నా ముందు మాత్రం చీకటి, మానులు, వాటి మీద ఊగే నా నీడ. ఆ రాత్రి ఫోటో అని నా ఫోన్‌లో ఉన్నది అదే, చీకట్లో నాలుగు పైన్ చెట్లు. బంధువులకి చూపిస్తే ఇదేంట్రా అంటారు.

రెండింటికి ఆ చీకట్లో పళ్ళెమంత వెలుగు కనిపించింది. అరిచాను. ముగ్గురం వెళ్ళేసరికి చాపంత అయింది. చుట్టూ గీత తవ్వి, మట్టి కలిపి ఆపేసరికి పావుగంట పట్టింది. ఆ సీజన్ మొత్తంలో నేను ఒక పని చేశానని గట్టిగా చెప్పగలిగింది ఆ పావుగంటే.

ఆగస్టు 4 సాయంత్రం గ్రీన్‌విల్ కాలిపోయింది. మేము వేరే వైపు ఉన్నాం. రేడియోలో విన్నాం, అంతే. కొన్ని రోజుల తర్వాత మా బండ్లు, వాటిని బగ్గీలంటాం, ఆ ఊరి మీదుగా వెళ్ళాయి. వీధిదీపాల స్తంభాలు వడలిన తామరతూళ్ళలా వంగిపోయి ఉన్నాయి. బగ్గీలో పదిమందిమి, ఎప్పుడూ ఏదో ఒక పాట పెట్టి గోల చేసేవాళ్ళం. ఎవరో చెయ్యి చాచి పాట ఆపేశారు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు మా పక్క క్రూలో ఉన్నారు. వాళ్ళు మర్నాడు కూడా పనికి వచ్చారు.

ఇక మాప్-అప్. ఎవరూ ఫోటో తీయని పని, సీజన్‌లో సగం రోజులు తినేసే పని. మంట దాటిపోయాక నల్లటి నేలలో ఇంకా మిగిలిన నిప్పుని వెతికి చంపడం. నివురుగప్పిన నిప్పు అని మనం ఎన్నోసార్లు అంటాం, మనుషుల గురించే అంటాం. నేను దాన్ని మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. పైకి తెల్లటి బూడిద, చల్లగా, మెత్తగా. కింద మొద్దు వేరు పట్టుకుని నిప్పు పది అడుగులు నేలలోపలే ప్రయాణిస్తుంది, వారం తర్వాత లైన్ అవతల లేస్తుంది. ముందు వేడి తగులుతుందేమో చూసుకుని, తొడుగు తీసి, చేతి వెనక భాగాన్ని మెల్లగా బూడిదకి దగ్గరగా తేవాలి. అరచెయ్యి కాదు. వెనక చర్మానికి వేడి ముందు తెలుస్తుంది, పైగా కాలినా పనిముట్టు పట్టుకోవడానికి అరచెయ్యి మిగులుతుంది.

అమ్మమ్మ వాళ్ళది గోదావరి జిల్లా. రాత్రి వంటయ్యాక పొయ్యిలో కణికలు ఒకచోటికి తోసి బూడిద కప్పేది. తెల్లారి ఊదుగొట్టంతో రెండు ఊదులు ఊదితే రాజుకునేది. అగ్గిపుల్ల మిగిలింది అనేది. ఆవిడ దాచిన విద్యని విప్పడమే నా ఉద్యోగం అయింది. ఒక మొద్దు గుంతలో చెయ్యి పెట్టి, చల్లగానే ఉందని లేచి, ఎందుకో అనుమానమొచ్చి పులాస్కీతో ఇంకో జానెడు తవ్వితే లోపల ఎర్రగా కన్ను తెరిచింది. నా ముందు ముగ్గురు ఆ గుంతని తడిమి వెళ్ళారు. తప్పు వాళ్ళది కాదు, నిప్పు అంత ఓపికమంతురాలు.

అక్కడ భయపెట్టేవి మంటలకంటే చెట్లు. మొదలు కాలిపోయి నిలబడ్డ మాను గాలి లేకుండానే పడిపోతుంది. రాత్రి పడుకుంటే చుట్టూ ఎక్కడో ఫెళ్ళున విరిగిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత నేల అదురు. కాలిఫోర్నియా కొండల్లో పాయిజన్ ఓక్ అనే మొక్క ఇంకో బాధ. మన దురదగొండి దీని ముందు చుట్టం కింద లెక్క. నాకు జూన్‌లో కళ్ళు మూసుకుపోయేంత వాచింది. దగ్గు డిసెంబరు దాకా పోలేదు.

డబ్బు సంగతి. 2021లో కొత్తవాడికి గంటకి 15 డాలర్లకి అటూ ఇటూ. అదనపు గంటలకి ఒకటిన్నర రెట్లు, అదుపు కాని మంట మీద పనిచేస్తే మూల వేతనానికి పాతిక శాతం అదనం. వెయ్యి గంటల ఓవర్‌టైమ్ చేస్తేనే సంవత్సరం గడిచేది, అంటే మంటలు లేని ఏడాది మాకు కరువు. ఊళ్ళు కాలకూడదని, గంటలు కావాలని ఒకే నోటితో కోరుకునే ఉద్యోగం. అప్పట్లో మా హోదా ఫారెస్ట్రీ టెక్నీషియన్. అగ్నిమాపకులం అని కాగితం మీద ఉండేది కాదు. తర్వాత ఆ పేరు మార్చారు, 2025లో జీతం పెంపు చట్టంలోకి ఎక్కింది. ఆలస్యమైనా మంచిదే. కానీ నాతో చేసినవాళ్ళలో ఆరుగురు అప్పటికే మానేసి కరెంటు లైన్ల పనికి, ఊళ్ళ ఫైర్ స్టేషన్లకి వెళ్ళిపోయారు. అందులో కొండ మీద నా పనిముట్టు మోసిన అమ్మాయి ఒకతె.

అక్టోబరులో వాన పడింది. పనిముట్ల పిడులకి నూనె రాసి, బగ్గీలు కడిగి, ఇంటికొచ్చాను. నవంబరు 4న దీపావళి. అమ్మ తన చిన్నప్పటి పద్ధతి వదలదు. గోగుకాడలు ఇక్కడ ఎక్కడివి, వెదురు పుల్లలకి నూనె గుడ్డలు చుట్టి దివిటీలు చేసింది. అక్క పిల్లలిద్దరూ వెనకింటి గచ్చు మీద కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి" అన్నారు, పుల్లలు మూలన పడేసి కాళ్ళు కడుక్కుని తీపి తినడానికి లోపలికి పరిగెత్తారు.

నేను వెనక ఉండిపోయాను. ఆ మూలలో కంచె, కంచె కింద ఎండుటాకులు. కూర్చుని చేతి వెనక భాగంతో పుల్లలు ఒక్కొక్కటే చూస్తున్నాను. మూడోది వెచ్చగా ఉంది. చెప్పు కాలితో మట్టి గీరి దానిమీద తోశాను, మళ్ళీ చెయ్యి పెట్టాను.

నాన్న ఎప్పుడొచ్చారో తెలీదు, పక్కన నిలబడి చూస్తున్నారు. చేతిలో చెంబు.

"చల్లారిందా?"

"చల్లారింది నాన్నా."

"ఊఁ" అని, చెంబుడు నీళ్ళూ దాని మీద పోసేశారు.